నేను మిగిల్చిన పేలిక

ఆ ఫంక్షన్ హాల్లో స్తంభాలన్నిటికీ అద్దాలు అతికించి ఉంటాయి. పెళ్లిరోజు లైట్లు వేస్తే హాలు రెండింతలు కనిపించాలని అట్లా పెట్టిస్తారు. ఆ పొద్దున కరెంటు లేదు. వాన తెరిపి ఇచ్చింది కానీ మబ్బు విడవలేదు. కిటికీల్లోంచి బూడిదరంగు వెలుతురు పడుతుంటే ఆ అద్దాల్లో మనుషులు, మనుషుల వెనక మనుషులు, అందరూ తడిసి, కాళ్లకు చెప్పులు లేకుండా, మాటాపలుకూ లేకుండా కూర్చుని ఉన్నారు. ముందురోజు అక్కడ ఎవరిదో, పెళ్లయ్యాక ఇచ్చే వలీమా విందు జరగాల్సింది. స్టేజీ మీద పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే రెండు పెద్ద కుర్చీలు, బంగారు రంగు వేసినవి, అట్లాగే ఉన్నాయి. చోటు చాలక జనం మెట్ల మీద కూర్చున్నారు, నేల మీద కూర్చున్నారు. ఆ రెండు కుర్చీల్లో మాత్రం ఎవరూ కూర్చోలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు కూడా.

మాది ఉప్పుగూడ స్టేషనుకు కాస్త కింద ఉన్న గల్లీ. ముందురోజు సాయంత్రం పైన చెరువు తెగిందని ఒకతను అరుచుకుంటూ పరుగెత్తాడు. అతని అరుపు గల్లీ చివరికి పోకముందే నీళ్లు పోయాయి. బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కించి, గొడుగూ గుడ్డసంచీ పట్టుకుని నేను బయటపడేసరికి మోకాళ్లు దాటాయి. జహనుమా వైపు ఎత్తు మీదున్న ఈ హాలు తాళం ఎవరో పగలగొట్టారు. తెల్లవారేసరికి వందమందికి తక్కువ లేరు. మెట్ల కింద నడుముల్లోతు నీళ్లు. అంతసేపూ హోరు పెట్టిన నీళ్లు పొద్దున కదలకుండా, నోరు మూసుకుని నిలబడి ఉంటే నాకు అదే ఎక్కువ భయం వేసింది.

నేను నాలుగో తరగతితో బడి మానేశాను. సర్కారు దవాఖాన క్యాజువాలిటీలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసి దిగిపోయాను. ఆయా పని అంటే నేల తుడవడం, బెడ్‌పాన్ పెట్టడం, పోయినవాళ్లకు కళ్లు మూసి దవడ కట్టడం. చదువు లేకపోయినా కళ్లతో నేర్చుకున్నది చాలా ఉంది. మా పెద్ద సిస్టర్ కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ ఒకటే చెప్పేది: అరిచేవాడికి ఊపిరి ఉంది, వాడు ఆగగలడు, అరవనివాడి దగ్గరికి ముందు పో. ఇంకొకటి కూడా నేను అక్కడే నేర్చుకున్నాను. కట్టుగుడ్డ పారేయకూడదు. ఉతికి, ఉడకబెట్టి, ఆరేసి మళ్లీ చుట్ట చుట్టాలి. ఒకరోజు స్టోరులో గుడ్డ అయిపోయి డాక్టర్లు దిక్కులు చూస్తుంటే నేను నా పెట్టెలోంచి చుట్టలు తీసి ఇచ్చాను. నలుగురిలో మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు ఒంట్లో ఇంకిపోయింది.

మా గల్లీలో మూడో ఇంట్లో ఒక నర్సు పిల్ల అద్దెకుండేది. కోస్తా నుంచి వచ్చింది, ప్రైవేటు ఆస్పత్రిలో ఉద్యోగం. పాతికేళ్లు ఉండవు. నీళ్ల మోటరు ఎక్కువసేపు వేస్తోందని నేను రెండుసార్లు కసిరాను, అంతకుమించి మా మధ్య మాటల్లేవు. ఆ పొద్దున ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చున్నీ నడుముకు బిగించి ఉంది.

"మామ్మగారూ, మీరు గవర్నమెంటు ఆస్పత్రిలో చేశారట కదా. ఇక్కడ డాక్టరు లేడు. పడవ ఒకటే. ఒకసారికి పడుకున్నవాళ్లను ఇద్దర్నే తీసుకెళ్తుందట. పోయి రావడానికి గంట పైనే. ఎవరు ముందో ఎవరు తర్వాతో మనమే తేల్చాలి. సాయం చేస్తారా?"

"ఏం జెయ్యాలెనో చెప్పు. నిలబడి మాట్లాడుకుంట కూసుంటే ఎట్ల?" అన్నాను.

ఆమె కుర్చీల వెనక కట్టిన శాటిన్ రిబ్బన్లు విప్పి ఒళ్లో పోసుకుంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. మణికట్టుకు ఎరుపు కడితే వెంటనే పంపాలి. పసుపు అయితే కాసేపు ఆగవచ్చు. ఆకుపచ్చ అంటే నడవగలరు, చివరన పోవచ్చు. ఊపిరి లేనివాళ్లకు నలుపు. నల్ల గుడ్డ లేదని అటూ ఇటూ చూస్తుంటే నేను నా గొడుగు ఇచ్చాను. ఒక కమ్మి విరిగి ఉంది. బాగు చేయిద్దామని నాలుగు నెలల నుంచి దాచుకున్నది. బ్లేడుతో కోస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంది, ఆ మాట దాచను.

నర్సు స్టేజీ ముందు నిలబడి గొంతు పెద్దది చేసింది. "నడవగలిగినవాళ్లందరూ లేచి ఇటువైపు రండి." లేచి వచ్చినవాళ్లంతా ఆకుపచ్చ. వాళ్లకు రిబ్బన్లు కట్టే పని నాది. లేవనివాళ్ల దగ్గరికి ఆమె పోయింది. పద్ధతి మంచిదే. లేవనివాళ్లలోనే ఎక్కువ ఆపద ఉంటుంది.

పాతబస్తీలో ఖాళీ మణికట్టు దొరకడం కష్టం. గుడిలో కట్టిన ఎర్ర దారం, దిష్టికి నల్ల దారం, దర్గా చాదర్ లోంచి చింపి ఇచ్చే ఆకుపచ్చ పేలిక. ఒక్కో చేతికి మూడూ ఉంటాయి. వీళ్లది ఆ మతం, వాళ్లది ఈ మతం అని దారం చూసి చెప్పలేం. నర్సు పిల్లది కోస్తా, మా రిబ్బన్లు ఆ దారాల్లో కలిసిపోతాయని ఆమెకు తోచలేదు. నాకు తెలుసు. తెలిసీ ఒక్క మాట చెప్పలేదు.

నేను ఆపా అని పిలిచే మా ఎదురింటామె అప్పుడే నా దగ్గరికి వచ్చింది. నలభై ఏళ్లుగా ఎదురెదురు గుమ్మాలు మావి. ఆమె కుడిచెయ్యి విరిగి పక్కకు తిరిగి ఉంది. అల్లాను, అమ్మను, చనిపోయిన భర్తను అందర్నీ పిలుస్తూ హాలు దద్దరిల్లేలా ఏడుస్తోంది. ఆమెను పట్టుకుని నడిపిస్తున్నది ఆమె కోడలు. ఏడో నెల కడుపు. మొదటి కాన్పు.

"నీకేమైంది?" అని కోడలిని అడిగాను.

"నాకేం గాలే దాదీమా. ఫ్రిజ్ నీళ్ల మీద తేలుకుంట వచ్చి జర తాకింది, గంతే. ముందు అమ్మీని చూడు, మస్తు నొస్తున్నదంట."

ఆపా చేతికి పసుపు కట్టాను. కోడలు తన కాళ్ల మీద తను నడిచి వచ్చింది కాబట్టి ఆకుపచ్చ. రిబ్బన్ తీసి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఎడమ మణికట్టుకు అప్పటికే ఒక ఆకుపచ్చ పేలిక ఉంది. కాన్పు సుఖంగా కావాలని ఆపా దర్గాలో కట్టించింది. నీళ్లకు తడిసి అది శాటిన్ లాగే మెరుస్తోంది. ఉన్నదాని మీద ఇంకొకటెందుకు అనుకున్నాను. ఇంకా మనుషులు వస్తారు, విరిగిన కాళ్లకు చెక్కలు కట్టాలన్నా గుడ్డ కావాలి. రిబ్బన్ మళ్లీ సంచిలో వేసుకున్నాను. అట్లా దర్గా పేలిక ఉన్నవాళ్లను ఇంకా నలుగురైదుగురిని వదిలేశాను. మనసులో తృప్తిగా కూడా అనిపించింది.

తరువాత నర్సు నన్ను భోజనాల గదిలోకి పంపింది. నలుపు కట్టిన ముగ్గురిని అక్కడ పొడుగు బల్లల మీద పడుకోబెట్టి, విందుకు పరిచే తెల్ల గుడ్డలు కప్పారు. కళ్లు మూయాలి, దవడ కట్టాలి, చేతులు సరిచేయాలి. నాకు అలవాటైన పనే. తలుపు దగ్గరగా వేసుకుని మొదటి మనిషి దగ్గర వంగాను. వెనక నుంచి ఊపిరి వినిపించింది. గొంతులో కఫం అడ్డుపడినప్పుడు వచ్చే ఊపిరి, గురగురమని, ఆగి ఆగి. రెండో బల్ల దగ్గరికి పోయి గుడ్డ ఎత్తాను. అతను పోయి గంటలైంది. గుడ్డ కప్పాను. మళ్లీ అదే చప్పుడు, ఈసారి మూడో బల్ల వైపు నుంచి. అక్కడా ఎత్తి చూశాను. ముసలామె, నోట్లో బురద. నా చెయ్యి ఆమె ముక్కు కింద పెట్టి నిలబడ్డాను. ఆమె ఊపిరి పీల్చడం లేదు. గదిలో ఎవరో పీలుస్తున్నారు.

చాలాసేపటికి తెలిసింది. గోడ వెంట చేతులు కడుక్కునే బేసిన్లు వరసగా ఉన్నాయి. నేల కింది మోరీలో ఇంకా నీళ్లు ఎక్కుతుంటే పైపుల్లో గాలి పైకి తన్ని ఆ రంధ్రాల్లోంచి వస్తోంది. తెలిశాక కూడా నేను మరో రెండుసార్లు గుడ్డలు ఎత్తి చూశాను. ఆ గదిలో ఉన్నంతసేపూ నా చెవులు చచ్చినవాళ్ల ఊపిరి మీదే ఉన్నాయి. బతికినవాళ్లు తలుపు అవతల ఉన్నారు.

పడవ ఒకసారి ఇద్దరిని తీసుకుపోయింది. నేను బయటికి వచ్చి ఆకుపచ్చవాళ్లకు నీళ్లు పోయడం మొదలుపెట్టాను. తాగే నీళ్లు రెండే డబ్బాలు. ఒక్కొక్కరికి సగం గ్లాసు. ఆపా కోడలు ఒక స్తంభం పక్కన కుర్చీలో కూర్చుని ఉంది, ముఖం అద్దం వైపు తిప్పుకుని.

"దాదీమా, జర నీళ్లు."

పోశాను. మణికట్టు చూశాను, ఆకుపచ్చ ఉంది, ముందుకు పోయాను. కాసేపటికి మళ్లీ పిలిచింది. మళ్లీ సగం పోశాను. మూడోసారి పిలిచినప్పుడు కసిరాను.

"అందరికి గావాలె బిడ్డా. గిది మన ఇంటి నల్లా కాదు."

"అవును దాదీమా," అని నవ్వింది. ఏమీ అనుకోలేదు.

నేను నాలుగు అడుగులు వేశాక ఆమె గొంతు మళ్లీ వినిపించింది. నన్ను పిలవడం లేదు. తనలో తను అంటోంది.

"నా చెప్పులేడ పోయినయో. పోవాలె, టైమైతుంది."

దవాఖానలో ఆయాలకు ఒక సంగతి తెలుసు. మంచం మీద ఉన్న మనిషి ఉన్నట్టుండి చెప్పులు అడిగితే, పోయే వేళ దగ్గరపడిందని మేం ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకునేవాళ్లం. సిస్టర్‌ను పిలవడానికి పరుగెత్తేవాళ్లం. కానీ ఆ హాల్లో పొద్దుటి నుంచి అందరూ చెప్పులే అడుగుతున్నారు. అందరివీ కొట్టుకుపోయాయి. వందమంది అడుగుతున్న మాటలో ఆమె మాట కలిసిపోయింది. అయినా నా కాళ్లు ఆగాయి.

వెనక్కి వచ్చి అడిగాను. "యాడికి పోవాలె?"

ఆమె ఆవలించింది. మళ్లీ ఆవలించింది. "ఏమో. వాళ్లు పిలుస్తున్నరు గదా." తరువాత గొంతు తగ్గించి, మంచి కబురు చెబుతున్నట్టు అంది. "దాదీమా, ఇంతసేపు కడుపుల మస్తు లొల్లి చేసిండు. ఇప్పుడు పండుకున్నడు. అసల్ కదుల్తలేడు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. మంచు ముక్క లాగ ఉంది, పైన చెమట. నాడి దొరికీ దొరకనట్టు పరుగెడుతోంది. రెండో చెయ్యి కడుపు మీద పెట్టాను. కడుపు మెత్తగా లేదు. బల్ల లాగ గట్టిగా ఉంది. అప్పుడు నా కళ్లు ఆ పేలిక మీద పడ్డాయి. అంచుకు జరీ ఉంది, ముడి నేను వేసే ముడి కాదు. పొద్దుటి నుంచి ఈ పిల్లను ఎవరూ చూడలేదు. చూశామని అందరం అనుకున్నాం.

"సిస్టర్," అని పిలిచాను. గొంతు ఎత్తలేదు. క్యాజువాలిటీలో ఎత్తకుండా పిలవడం ఒకటి ఉంటుంది, అది ఆమెకూ తెలిసినట్టుంది. చేతిలో పని వదిలేసి వచ్చింది.

కంటి కింది రెప్ప లాగి చూసింది. గోరు నొక్కి వదిలి చూసింది. తెల్లబడిన గోరు తెల్లగానే ఉండిపోయింది. కడుపు మీద చెయ్యి వేసి నా వైపు చూసింది.

"లోపల రక్తం పోతోంది మామ్మగారూ. మాయ విడిపోయినట్టుంది. బయటికి చుక్క రాలేదు. ఈమెను ఎడమవైపు తిప్పి పడుకోబెట్టండి. ఇప్పుడే పోవాలి."

పడవ మెట్ల దగ్గరికి వచ్చి ఆగింది. రెండు చోట్లూ నిండిపోయాయి. ఒకరు గోడ కూలి కాలు నుజ్జయిన కుర్రవాడు. రెండో ఆయన బేగంబజార్‌లో గిన్నెల దుకాణం ఉన్న పెద్దమనిషి, ఉబ్బసం మనిషి. పొద్దున రెండు మాటలకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడని నర్సే ఆయనకు ఎరుపు కట్టింది. ఎవరి సంచిలోనో పీల్చే మందు దొరికితే ఇచ్చింది. ఇప్పుడు ఆయన పడవ ఎక్కడానికి సిద్ధంగా, కొడుకు భుజం పట్టుకుని కూర్చుని ఉన్నాడు. నర్సు పోయి ఆయన చేతి రిబ్బన్ విప్పడం మొదలుపెట్టింది.

ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఏందమ్మా గిది. కట్టింది నువ్వే, ఇప్పేది నువ్వే. నేనేమన్న బజార్ల గిన్నెనా, ఈడ గాదని తీసి ఆడ పెట్టనీకి? ముప్పయ్యేండ్ల సంది దమ్ము బీమారి నాది, నీ ఉమర్ కన్న నా బీమారి ఉమర్ పెద్దది."

"బాబాయ్ గారూ, ఇంత పొడుగు మాటలో మీరు ఒక్కసారి కూడా ఊపిరికి ఆగలేదు. మందు పనిచేసింది. మీరు ఇంకో పడవ ఆగగలరు. ఆ అమ్మాయి ఆగలేదు."

ఆయన గుర్తొచ్చినట్టు రెండుసార్లు రొప్పాడు. కొడుకు తల దించుకుని "బాపూ, ఇగ సాలు," అన్నాడు. ఎక్కడో ఎవరో నవ్వారు. పొద్దుటి నుంచి ఆ హాల్లో అదొక్కటే నవ్వు. ఆయన తనంతట తనే చెయ్యి చాపాడు. తరువాతి పడవలో పోయాడు, పడవవాడికి దారి చెబుతూ పోయాడని విన్నాను.

బల్ల మీది చెక్క ఒకటి ఊడదీసి దాని మీద పిల్లను పడుకోబెట్టారు. నలుగురు మోశారు. పసుపు రిబ్బన్ కట్టుకున్న ఆపా ఏడుపు ఆపేసి పక్కన నడిచింది. అంతసేపు ఏడ్చిన మనిషి గొంతు ఒక్కసారిగా ఆగిపోయేసరికి హాలంతా బోసిగా అయింది. మధ్య స్తంభం పక్కనుంచి పోతున్నప్పుడు పిల్ల చెయ్యి పైకెత్తి అద్దంలోకి ఊపింది, బస్సెక్కినవాళ్లు ఊపినట్టు.

"ఎవరికి బిడ్డా?" అన్నాను.

"వాళ్లకే, ఆడ కూసున్నరు గదా," అంది.

ఆమె చూస్తున్న చోటు నుంచి నేనూ చూశాను. ఆ అద్దంలో స్టేజీ కనిపిస్తోంది. స్టేజీ మీద రెండు ఖాళీ కుర్చీలు. నేను చీర కొంగుతో ఆమె కళ్లకు అడ్డం పెట్టి మెట్ల దాకా నడిచాను. ఎందుకు అట్లా చేశానో నాకు తెలియదు. చేశాను.

పడవ మలుపు తిరిగేదాకా నర్సు మెట్ల మీద నిలబడే ఉంది. తరువాత నా వైపు తిరిగింది.

"మామ్మగారూ, ఆ అమ్మాయికి ఆకుపచ్చ ఉంది. నేను ఎప్పుడు కట్టానో గుర్తు రావడం లేదు. రెండుసార్లు ఆమె ముందు నుంచే పోయాను. చెయ్యి చూశాను, పోయాను. నేనే కట్టానా? కడుపుతో ఉన్న మనిషికి చూడకుండా ఎట్లా కట్టాను?"

ఆమె ఆ మాటను నమ్మడం మొదలుపెట్టిందని నాకు కనిపిస్తోంది. అట్లాంటి నర్సులను చూశాను. ఒక్క కేసు మోసుకుని ఏళ్ల తరబడి నడిచినవాళ్లు, ఉద్యోగం మానుకున్నవాళ్లు. నేను ఊరుకుంటే ఆ తప్పు ఆమెది అయిపోతుంది. ఎవరూ నన్ను అడగరు. నేను చదువులేని ముసలిదాన్ని, ఆయాను, గొడుగు కూడా ఇచ్చినదాన్ని.

"నువ్వు కట్టలే," అన్నాను. "నేను సుత కట్టలే. గది దర్గా పేలిక. ముందుగాలనే ఉండె. ఉన్నది గదా అని నేను రిబ్బన్ మిగిలిచ్చిన."

ఆమె నా ముఖం చూసింది. నన్ను తిట్టలేదు. పరవాలేదని కూడా అనలేదు. "ఇంకెంతమందికి మిగిల్చారు?" అంది.

"నలుగురో ఐదుగురో."

"పదండి."

మళ్లీ మొదటి నుంచి చూశాం. నడవగలిగినవాళ్లందర్నీ గోడ వెంట కూర్చోబెట్టి ఒక్కొక్కరి దగ్గర ఆగాం. నేను నాడి పట్టుకుంటే ఆమె గోరు నొక్కి చూసేది, పేరు అడిగేది, ఎక్కడ తగిలిందని అడిగేది. రిబ్బన్లు మణికట్ల నుంచి విప్పి మెడలో కట్టాం. అద్దాల్లో చేతులే చేతులు. దారాలు, పేలికలు, తాయెత్తులు, అన్ని చేతులూ మా వైపే చాపి ఉన్నాయి. ప్రతి చెయ్యి పట్టుకునే ముందు ఇదీ చల్లగా ఉంటుందేమో అనుకునేదాన్ని. ఒక ముసలాయనది చల్లగానే ఉంది, పక్కటెముకలు విరిగాయి, పైకి ఏమీ చెప్పలేదు. ఆయనకు పసుపు కట్టాం. మిగతావన్నీ వెచ్చగా ఉన్నాయి. నా సంచిలో రిబ్బన్లు ఒక్కటి కూడా మిగలలేదు.

పొద్దు వాలుతుండగా, వరదకు అవతల పనిలో చిక్కుకుపోయిన ఆపా కొడుకు ఆస్పత్రి నుంచి ఎవరి ఫోన్‌కో చేసి చెప్పాడు. ఆపరేషన్ అయింది, ఎనిమిది సీసాల రక్తం ఎక్కించారు, మనిషి దక్కింది. బిడ్డ దక్కలేదు.

నేను చూడబట్టే కోడలు బతికిందని ఆపా గల్లీ అంతా చెప్పింది. పట్టీ వేసిన చేత్తోనే ఒకరోజు నాకు చీర పట్టుకొచ్చింది. అది ముట్టుకోకుండా జరిగింది చెప్పాను. ఆమె గడప మీద కూర్చుంది. చివరికి, "చెయ్యి విరిగిందని నేను గంత మొత్తుకున్న. నా అరుపుల దాని సప్పుడు ఎవ్వరికి ఇనబడలే," అని లేచిపోయింది. చీర అక్కడే వదిలి వెళ్లింది. నేను తిరిగి ఇచ్చేశాను.

కోడలు రెండు నెలలకు గుమ్మం దాటి బయటికి వచ్చింది. నేరుగా నా దగ్గరికే వచ్చింది. నేను బియ్యం ఏరుతున్నాను. వరదకు తడిసిన బియ్యం ఎండబెట్టి మళ్లీ ఏరుతున్నాను. ఆమె ఎదురుగా పీట మీద కూర్చుంది. సన్నబడింది.

"ఆ దినం నాకు సగం యాదికి లేదు దాదీమా. నువ్వొచ్చింది యాదికుంది. మూడుసార్లు వచ్చినవ్. మూడుసార్లు నా చెయ్యే చూసినవ్, మొకం చూడలే. ఏందో లెక్కవెడుతున్నవేమో అనుకున్న."

"అవును. నీ మొకం చూడలే," అన్నాను.

"అమ్మీ చెప్పింది. ఒక్క పేలిక కోసమంట గదా."

"ఒక్క పేలిక కోసమే."

ఆమె చేటలోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టింది. ఇంకొకటి తీసింది. కోపం లేదు, దుఃఖం కూడా పైకి లేదు. ఆ హాల్లో నీళ్లు అడిగినప్పటి గొంతే.

"నాకు మస్తు నొప్పి ఉండె దాదీమా. ఫ్రిజ్ తాకినప్పటి సంది ఉండె. అరవాలె అనుకున్న." మరో రాయి తీసింది. "అత్త అరుస్తుంటే కోడలు ఎట్ల అరుస్తది?"

చేట పక్కన పెట్టి ఆమె ముఖం చూశాను. పెదవులకు కాస్త రంగు తిరిగింది. కళ్ల కింద ఇంకా తెలుపు ఉంది. లోపలికి పోయి నిండా గ్లాసు నీళ్లు తెచ్చి ఇస్తే తాగింది, ఖాళీ గ్లాసు నాకు అందించి, బియ్యం ఏరడం మళ్లీ మొదలుపెట్టింది.